తాతగారి పద్మిని, పదిహేనేళ్ల మనవడు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో మీ నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని పదకొండేళ్లుగా షెడ్డులోనే ఉంది. నాన్నగారు పోయారు. పదో తరగతి పరీక్షలు రాసిన మీ అబ్బాయి ఈ సెలవుల్లో తాతగారి బండిని తనే బాగుచేస్తానంటున్నాడు. మీ తమ్ముడేమో తుక్కుకి ఇచ్చేయమంటున్నాడు. ఇంజను తీసేసి మారుతీది పెడితే పికప్ బాగుంటుందని ఒక మెకానిక్ చెప్పాడు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత అవుతుంది, అసలు పిల్లాడి చేత చేయించే పనేనా అని అడిగారు.

సూటిగా చెబుతానమ్మా. బండి అడుగు రేకు బాగుంటే చేయించండి, పూర్తిగా తినేసి ఉంటే వదిలేయండి. ఇంజను మాత్రం మార్చొద్దు. రంగు మాట ఇప్పుడే ఎత్తొద్దు. ముందు ఇంజను పలకాలి, తర్వాత బ్రేకులు కావాలి, బ్రేకులు అయ్యాకే బండి సొంతంగా కదలాలి. అబ్బాయికి 18 నిండేదాకా రోడ్డు మీద స్టీరింగ్ ఇవ్వొద్దు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్లు షెడ్డు నడిపాను. సగం బతుకు ఫియట్ల కిందే గడిచింది. మా వైపు పద్మినిని కూడా ఫియట్ అనే అంటాం, అలవాటు పోదు. ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను కుర్చీ వేసుకుని కూర్చుని వాడికి విసుగు తెప్పిస్తుంటాను.

ముందు ఆ అడుగు రేకు సంగతి. పద్మినికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఎముకల గూడు, బరువంతా దానిదే. కాబట్టి ఇంజను ఎంత గొప్పగా ఉన్నా అడుగు పోతే బండి పోయినట్టే. కార్పెట్టు, కింద ఉండే తారు షీటు లేపి చూడండి. జాకీ పెట్టే చోట్లు, డోర్ల కింద పట్టీలు, వెనక కమాన్లు, అంటే స్ప్రింగు పట్టీలు, బిగించిన చోట్లు, డిక్కీలో స్టెప్నీ పెట్టే చోటు, ఈ నాలుగూ ముఖ్యం. ఒక పాత స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడమని అబ్బాయికి చెప్పండి. టంగ్ మంటే ఇనుము ఉంది. కరకరమని లోపలికి దిగిపోతే లేదు. బయట రేకు మీద ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతం తిప్పమనండి. అంటుకోని చోట లోపల ఉన్నది పుట్టీ. అక్కడక్కడా చిల్లులుంటే భయం లేదు, రేకు కోసి వెల్డింగ్ చేస్తారు. కమాను బిగించిన చోటే మెత్తబడి ఉంటే మాత్రం మీ తమ్ముడి మాటే నయం.

ఇక ఇంజను మార్చే సంగతి. ఆ మెకానిక్‌ను తప్పుపట్టను, ఆయనకు తెలిసిన పని ఆయన చెప్పాడు. మారుతీ కార్లలో ఎక్కువవాటి ఇంజను ముందు చక్రాలను తిప్పేది, అడ్డంగా కూర్చునేది. పద్మినికి నిలువు ఇంజను, వెనక చక్రాలు లాగుతాయి. ఆ రెండిటికీ పెళ్లి చేయాలంటే అడుగు కోయాలి, గేర్‌బాక్సు మార్చాలి. పైగా ఇంజను మారిస్తే ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించాలి. అనుమతి లేకుండా చేస్తే రెన్యువల్ దగ్గర బండి ఆగిపోతుంది. పద్మిని ఇంజను 1089 సీసీ, సుమారు 40 గుర్రాల బలం. అది సరిగ్గా ట్యూనైతే బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద నలుగురిని కూర్చోబెట్టుకుని మూడో గేరులో హాయిగా ఎక్కుతుంది. అంతకన్నా పికప్ కావాలంటే వేరే కారు కొనుక్కోవాలి.

పిల్లలతో చేసేటప్పుడు బండి మొత్తం ఒకేసారి విప్పకండి. ఇది నా తప్పు నుంచి చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు ఇలాగే ఉత్సాహంగా వచ్చాడు. నేనూ ఊపులో వారంలో ఇంజను దించేసి, డోర్లు, అద్దాలు, సీట్లు, డాష్‌బోర్డు అన్నీ ఊడదీయించాను. ఆ తర్వాత రేకు పని చేసే టింకరింగ్ మేస్త్రీ కోసం రెండు నెలలు ఎదురుచూపు. కాలేజీ తెరిచారు, కుర్రాడు రావడం మానేశాడు. నట్లు కలిసిపోయాయి, డోరు రబ్బర్లు ఎలుకలు కొట్టేశాయి. చివరికి ఆ బండి కిలోల లెక్కన వెళ్లింది. ఆ వయసు పిల్లలకు పది రోజులకోసారి ఏదో ఒకటి వెలగాలి, తిరగాలి, శబ్దం రావాలి. అందుకే ఒక భాగం విప్పి, బాగుచేసి, బిగించి, ఆడించి చూశాకే ఇంకోటి ముట్టుకోవాలి.

పదకొండేళ్లు ఆగిన ఇంజనుకు బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం అందరూ చేసే తప్పు. లోపల పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు పట్టేసి ఉండొచ్చు. బలవంతంగా తిప్పితే గీతలు పడతాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజనాయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. ఈలోగా పాత ఆయిల్ దించి, ఫిల్టరు మార్చి, కొత్త 20డబ్ల్యూ-40 పోయించండి. రేడియేటరు కడిగించండి. తర్వాత టైర్లలో గాలి పట్టించి, ప్లగ్గులు లేకుండానే నాలుగో గేరులో వేసి, చదును నేల మీద ఇద్దరు మెల్లగా నెట్టండి. బ్రేకులు లేవు కాబట్టి ఒకరు చెక్క దిమ్మె పట్టుకుని చక్రం పక్కనే నడవాలి. ఫ్యాన్ తిరిగిందంటే ఇంజను పట్టేయలేదు. ఆ ఫ్యాన్ కదిలిన క్షణం మీ అబ్బాయి మొహం చూడండి.

ట్యాంకులో పదకొండేళ్ల పెట్రోలు ఈపాటికి బంకలా, వార్నిష్ వాసన కొడుతూ ఉంటుంది. మొదటి స్టార్టింగుకు ట్యాంకును నమ్మొద్దు. లోపలి తుప్పంతా కార్బరేటర్‌లోకి వస్తుంది. మేము చిన్న ప్లాస్టిక్ డబ్బాకు గొట్టం తగిలించి, బానెట్ కన్నా ఎత్తులో కట్టి, తాజా పెట్రోలు అర లీటరు పోసి నడిపిస్తాం. అది పెద్దవాళ్లు చేసే పని. ఇంకో మాట, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది పాత రబ్బరు గొట్టాలను, పంపులోని డయాఫ్రమ్ పొరను మెత్తబరుస్తుంది. తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంటే తుప్పు పడుతుంది. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. పంపు కిట్టు మార్చండి. నడవని బండిలో ట్యాంకు నింపి ఉంచొద్దు.

ఇప్పుడు అసలు రుచి ఉన్న పని, ట్యూనింగ్. దీనికో వరస ఉంది. టాపెట్లు (వాల్వుల దగ్గరి ఖాళీలు), ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్ (స్పార్కు పడే సమయం), అన్నిటికన్నా చివర కార్బరేటర్. నా దగ్గరకు "కార్బరేటర్ పోయిందండీ" అని వచ్చిన బళ్లలో చాలావాటికి రోగం కరెంటులోనే దొరికేది. మా తమ్ముడి కూతురిది ఇదే కథ.

దానికప్పుడు పదహారేళ్లు, ఇంటరు మొదటి సంవత్సరం. సెలవులకు కానూరులో మా ఇంటికి వచ్చి, ఏమీ తోచక నా వెనకే షెడ్డుకు వచ్చేది. అక్కడొక 1983 పద్మిని ఉంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, పావుగంట వేడెక్కాక మిస్సింగ్ కొట్టేది. మా కుర్రాళ్లు మూడుసార్లు కార్బరేటర్ విప్పి కడిగారు. ఈ పిల్లకు నేను డెల్కో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, మూత తీసి పాయింట్లు చూపిస్తున్నాను. అవి రెండు చిన్న లోహపు చుక్కలు, కలుస్తూ విడిపోతూ ఉంటాయి. విడిపోయిన ప్రతిసారీ కాయిల్ నుంచి ఒక స్పార్కు పుడుతుంది. సెల్‌ఫోన్ లైటు దగ్గరగా పెట్టి అది చాలాసేపు చూసి, "పెదనాన్నా, ఈ చుక్క ఎందుకు నీలంగా ఉంది? ఒక పక్కన గుంట, ఇంకో పక్కన చిన్న మొటిమ ఉంది" అంది. నేను రోజూ చూసే వస్తువు, చూడకుండా వదిలేశాను. పాయింట్లు అలా నీలంగా కాలాయంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌ను. చిన్న బొటనవేలంత డబ్బా. వేడెక్కగానే పని మానేస్తోంది. అది మార్చి, పాయింట్లు కొత్తవి వేశాం. అదే బండి ఆ సాయంత్రం ఆటోనగర్ నుంచి గన్నవరం దాకా వెళ్లి వచ్చింది, ఒక్క తుమ్ము లేదు.

ఆ పాయింట్ల పని మీ అబ్బాయి చేత ఎలా చేయించాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీనికి పెద్ద ఖర్చు లేదు, ప్రమాదమూ తక్కువ. ఫీలర్ గేజి, అంటే ఖాళీ కొలిచే సన్న రేకుల కట్ట, ఒకటి కొనండి. ఇంజనును చేత్తో తిప్పుతూ పాయింట్లు పూర్తిగా విడిపోయే చోటుకు తెచ్చి, మధ్య ఖాళీ సుమారు 0.45 మిల్లీమీటర్లు పెట్టాలి. గేజి రేకు మధ్యలోంచి లాగితే కొత్త నోటు వేళ్ల మధ్య జారినంత పట్టు ఉండాలి. వదులుగా జారినా తప్పే, గీరుకున్నా తప్పే. మొదట్లో ప్రతివాడూ స్క్రూ బిగించేటప్పుడు ఖాళీ మార్చేస్తాడు. పదిసార్లు చేయనివ్వండి, మీరు చేయి పెట్టకండి.

ఖాళీ పెట్టాకే టైమింగ్. ముందు టైమింగ్ పెట్టి తర్వాత పాయింట్లు ముట్టుకుంటే టైమింగ్ మళ్లీ జరుగుతుంది. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు తగిలించండి. ఒకటి డెల్కో పక్కన సన్న వైరు వచ్చే చోట, ఇంకోటి ఇంజను బాడీకి. ఇంజనును తిప్పి పుల్లీ మీది గుర్తును సరైన గీతకు తీసుకురండి. తాళం ఆన్ చేసి, డెల్కో బోల్టు వదులు చేసి, మెల్లగా తిప్పితే ఒక చోట బల్బు టక్కున వెలుగుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణం అదే. అక్కడే బిగించేయాలి. తాళం ఆన్‌లో ఎక్కువసేపు వదిలేస్తే కాయిల్ వేడెక్కుతుంది, అది గుర్తుంచుకోమనండి.

ప్లగ్గు వైర్ల వరస 1-3-4-2. ఇది గోడ మీద రాయించండి. ఒకసారి మా మేనల్లుడు 1-2-3-4 అని వరసగా తగిలించి సెల్ఫ్ కొట్టాడు. కార్బరేటర్ నోట్లోంచి మంట ఎగజిమ్మి, వంగి చూస్తున్న నా కనుబొమలు సగం పోయాయి. వాడు ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పి నవ్వుతాడు. ఎయిర్ క్లీనర్ విప్పి ఉన్నప్పుడు ఎవరూ మొహం పెట్టకూడదు, ఇసుక బకెట్టు పక్కనే ఉండాలి.

కార్బరేటర్ మాత్రం తీరిగ్గా భోజనాల బల్ల మీద పాత బెడ్‌షీటు పరుచుకుని విప్పండి, వంటింటి పొయ్యికి, దేవుడి దీపానికి దూరంగా. పెట్రోలుతో కడగొద్దు, కార్బరేటర్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది. జెట్లలోకి, అంటే పెట్రోలు కొలతగా వెళ్లే సన్న రంధ్రాల ముక్కల్లోకి, పిన్నులు, తీగలు దూర్చనివ్వకండి. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా పెట్రోలు లెక్క తప్పుతుంది. గాలి ఊదాలి, వెలుతురుకు పెట్టి చూడాలి. మా తమ్ముడి కూతురు పాత ఇడ్లీ రేకులు తెచ్చుకుని, విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కో ముక్క పెట్టేది. ఆఖరి గుంట నుంచి వెనక్కి బిగించుకుంటూ రావడమే. నేను ముప్పై ఏళ్లు లుంగీలో మూటగట్టి వెతుక్కున్నాను.

బిగించాక ఇంజనును బాగా వేడెక్కనిచ్చి మిక్చర్ స్క్రూ సవరించాలి. మెల్లగా లోపలికి తిప్పితే ఇంజను తడబడుతుంది, బయటికి తిప్పితే సర్దుకుంటుంది, ఇంకా తిప్పితే బరువెక్కి ఊగుతుంది. మధ్యలో ఒక చోట నిలకడగా, తేలిగ్గా ఆడుతుంది. చెవితో పట్టుకోవాలి. పిల్లల చెవులు మన కన్నా చురుకు, ఇక్కడ వాళ్లే గెలుస్తారు. బ్రేకులు కూడా అయ్యి, ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిచాక ప్లగ్గు విప్పి చూస్తే బిస్కెట్టు రంగులో ఉండాలి. మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా సున్నంలా ఉంటే తక్కువ. ఇథనాల్ పెట్రోలుతో తెల్లబడే వైపు మొగ్గుతుంది, అప్పుడు మెయిన్ జెట్ ఒక సైజు పెంచాల్సి రావచ్చు.

బ్రేకుల పని తెలిసిన మేస్త్రీ చేయాలి, అబ్బాయి పక్కన ఉండి చూడాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వీల్ సిలిండర్ల రబ్బర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి. బాగానే కనిపిస్తున్నాయని ఒక్కటి కూడా వదలొద్దు. పాత లైనింగుల పొడిలో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉంటుంది, డ్రమ్ము ఊడదీసి గాలి కొట్టనివ్వకండి, నోటితో ఊదనివ్వకండి. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయాలి. మేము పదేళ్లు ఊదాం, ఎవరూ చెప్పలేదు. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు మాత్రం అబ్బాయిని సీట్లో కూర్చోబెట్టండి. "తొక్కు", "పట్టు", "వదులు" అని మేస్త్రీ కింద నుంచి చెబుతుంటే పెడల్ కాలి కింద గట్టిపడటం వాడికే తెలుస్తుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరకు రావాలి.

జాకీ మీద ఉన్న బండి కిందకు ఎవరూ దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. టైర్లు గీతలు బాగున్నా మార్చాలి. వాటి వయసు చెప్పడానికి పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2213 అంటే 2013లో 22వ వారం తయారైందని.

విడిభాగాలు ఆటోనగర్‌లో ఇంకా దొరుకుతాయి గానీ తిరగాలి. ముంబైలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో పూర్తిగా ఆగిపోయాయి. ఇంతకాలం ఈ బళ్ల సామాను అంగడిలో ఉండటానికి సగం కారణం అవే. అద్దాల రబ్బర్లు, లైటు రిమ్ములు, గేరు లివర్ బుష్షులు కనపడితే బేరం ఎక్కువ ఆడకుండా కొనేయండి. సామాను కోసం ఇంకో బండి కొంటామంటే, అది 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిందేమో చూసుకోండి. సింగ్‌నగర్ వైపు నీళ్లలో నానిన బళ్లు కడిగి అమ్ముతుంటారు. డోరు లోపలి అట్ట తీసి అడుగున వేలు పెడితే సన్నటి ఒండ్రు దొరుకుతుంది, అది కడిగినా పోదు.

ఖర్చు నా లెక్కలో ఇంజను విప్పకుండా గడిస్తే మెకానిక్ పని, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ, వైరింగ్ కలిపి లక్ష లోపు. ఇంజను విప్పి సిలిండర్లు తరిచే బోరు పని దాకా వెళ్తే ఇంకో అరవై, డెబ్భై వేలు. టింకరింగ్, పెయింటింగ్‌కు హద్దు లేదు, లక్షన్నర కూడా తాగుతుంది. అందుకే రంగు వచ్చే ఏడాదికి వాయిదా వేయమంటున్నాను. ఈ డబ్బు తిరిగి వస్తుందా అని అడగకండి, రాదు.

ఆర్సీ సంగతి ఇప్పుడే కదిలించండి. సొంత కార్లకు 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. నాన్నగారు లేరు కాబట్టి ముందు ఫారం 31తో మీ పేరుకు మార్పు, తర్వాత ఫారం 25తో రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు చేశారు. ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ అదనం. వింటేజ్ నంబరు గురించి ఎవరైనా చెబితే, అది 50 ఏళ్లు దాటిన బళ్లకు, మీకు 2036 దాకా పనికిరాదు.

అబ్బాయి నడపడం గురించి మీరు అడగలేదు గానీ రేపు వాడు అడుగుతాడు. మైనరు రోడ్డు మీద నడిపి దొరికితే మోటారు వాహనాల చట్టం 199ఏ కింద తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉండొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "వీధి చివరిదాకే కదా" అనే మాటకు లొంగకండి.

ఈ ఎండల్లో మధ్యాహ్నం షెడ్డులో పని పెట్టుకోకండి, పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా చాలు. ముందు కార్పెట్టు లేపి, నేను చెప్పిన నాలుగు చోట్లా పగటి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టండి. కమాన్ల దగ్గరిది మాత్రం కాస్త దగ్గర నుంచి తీయించండి, ఫ్లాష్ లేకుండా. చూసి చెబుతాను.